నోరు లేని అగ్నిపర్వతం

"మన దగ్గర అగ్నిపర్వతాలు ఎందుకు లేవు?"

బడిపిల్లలతో మాట్లాడటానికి ఎక్కడికి వెళ్లినా ఈ ప్రశ్న ఎదురవుతుంది. జపాన్‌లో ఉన్నాయి, ఇండోనేషియాలో ఉన్నాయి, ఇటలీలో ఉన్నాయి. మన దేశానికి చెప్పుకోవడానికి అండమాన్ సముద్రంలో బారెన్ దీవి ఒకటి ఉంది, దాన్ని చూసినవాళ్లు తక్కువ. నా దగ్గర ఒక సిద్ధమైన జవాబు ఉండేది: "ఎందుకు లేవు? మనవాళ్లు పత్తి పండిస్తున్నది అగ్నిపర్వతం మీదే." పిల్లలు నవ్వేవారు, టీచర్లు చప్పట్లు కొట్టేవారు, నేను గర్వంగా ఇంటికొచ్చేదాన్ని.

ఆ జవాబు ఎంత అరకొరో ఒక వాన రోజు తెలిసింది. మా ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, అద్దం మీద నీళ్లు కారుతుంటే బయటికి చూస్తూ అడిగారు: "అగ్నిపర్వతం మీదున్నామంటావు సరే, మరి దాని నోరేదీ?"

ఈ అధ్యాయమంతా ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే.

చెలక ఎక్కడ ఆగింది

మేముండేది హైదరాబాద్ మధురానగర్‌లో. మా ఆయనది ఫిల్మ్‌నగర్‌లో గ్రాఫిక్స్ పని. అప్పటికి మూడు నెలలుగా ఆయన కంప్యూటర్‌లో ఒక అగ్నిపర్వతాన్ని కడుతున్నారు. తలకిందులుగా పెట్టిన గరాటులాంటి కొండ, కొసన ఎర్రటి గుంట, పైన గొడుగులా పొగ. అగ్నిపర్వతం అనగానే మనందరి కళ్లముందూ నిలిచే బొమ్మ అదే. మన ఊహకు కొలతలు ఇచ్చింది సినిమాలు, క్యాలెండర్లే గనక ఆయన్ని తప్పుపట్టలేను.

శ్రావణమాసం. తాండూరులో మా ఆడపడుచు గృహప్రవేశం. ముందురోజు పొద్దున్నే బయల్దేరి, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు మీదుగా ఫిల్మ్‌నగర్ వెళ్లి, ఆయన ఆఫీసులో వదిలేసిన బట్టల సంచి తీసుకుని, లంగర్‌హౌస్, అప్పా కూడలి దాటి చేవెళ్ల రోడ్డెక్కాం. జూబ్లీహిల్స్‌లో ఇళ్ల మధ్య ఇంకా మిగిలిన గుండ్రాళ్లు వానకు తడిసి ఏనుగుల్లా మెరుస్తున్నాయి. ఆ రాళ్లు గ్రానైట్, వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. ఇళ్ల సెల్లార్ల కోసం వాటిని పగలగొడుతుంటే చూడలేక 1996లో కొందరు హైదరాబాదీలు రాళ్లను కాపాడే సంఘమే పెట్టారు. రాళ్ల కోసం సంఘమా అని అప్పట్లో నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు నవ్వు రాదు.

మొయినాబాద్ దాకా రోడ్డు పక్క మట్టి ఎర్రగా, ఇసుక కలిసి బొరబొరలాడుతూ ఉంది. తెలంగాణలో దాన్ని చెలక అంటారు, మరీ వదులుగా ఉంటే దుబ్బ. గ్రానైట్ పొడై ఏర్పడిన మట్టి అది. మర్రిచెట్ల గొడుగుల కింద నుంచి పోతూ పోతూ చేవెళ్ల పరిసరాలకు వచ్చేసరికి ఆ ఎరుపు మెల్లగా కరిగిపోతుంది. మక్క, జొన్న, పత్తి చేలు, వాటి కింద నల్లటి నేల. ఎక్కడ మారిందో సరిగ్గా గీత గీసి చూపలేం, కానీ మారిందని కిటికీలోంచి చూసే పసిపిల్లలకైనా తెలుస్తుంది.

మన్నెగూడలో పరిగి దారి పట్టాం. కాసేపు పోయాక ముందు లారీలు బారులు తీరి ఉన్నాయి. వాగు కల్వర్టు మీదుగా పారుతోంది. బండి తిప్పుకోవడానికి మా ఆయన ఎడమ చక్రాలను రోడ్డు దించబోతుంటే, నెత్తిన యూరియా సంచి కప్పుకున్న ఒక రైతు పరుగున వచ్చాడు.

"సారూ, రేగడిల దించకుండ్రి! టైరు కూసుంటది. చెలక గాదు ఇది."

ఆ మనిషి చెప్పింది రాళ్ల శాస్త్రమే. రెండు మాటల్లో భూగర్భ పటం గీసి చూపాడు. చెలక అంటే కింద గ్రానైట్. రేగడి అంటే కింద లావా. ప్రభుత్వ సర్వేవాళ్లు ఈ ప్రాంతానికి రంగుల పటాలు గీయడానికి ఎన్నో తరాల ముందే ఆ గీతను మన రైతులు మాటల్లో గీసిపెట్టుకున్నారు. ఏ చేనికి ఏ విత్తు, ఏ వానకు ఏ అరక, ఏ నేలలో బావి తవ్వితే గోడ నిలబడుతుంది, అన్నీ ఆ రెండు మాటల మీదే నడిచేవి.

నేను సలహా వినకుండా కిందికి దిగాను. నాలుగు అడుగులు వేశానో లేదో చెప్పులు చెరో అరకిలో బరువెక్కాయి. రేగడి జాతి అది. దానిలోని సన్నటి బంకమట్టి కణాలు పలకల్లా దొంతర్లుగా ఉంటాయి. నీళ్లు ఆ పలకల మధ్య దూరి వాటిని ఎడం చేస్తాయి, నానబెట్టిన సగ్గుబియ్యంలా మట్టి ఉబ్బుతుంది. ఎండాకాలం నీరు పోగానే ముడుచుకుని చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. పై మట్టి ఆ నెర్రెల్లో రాలి, వానలకు మళ్లీ ఉబ్బి పైకి తేలుతుంది. తనను తానే దున్నుకునే నేల అని అందుకే అంటారు. పత్తికి అమృతం, ఇంటి పునాదికి, తారు రోడ్డుకి శాపం.

వాగు ఎప్పుడు తగ్గుతుందో తెలియదు. వెనక్కి తిరిగి వికారాబాద్ వైపు మళ్లాం. అనంతగిరి కొండ కింద వాన ఇంకా ముదిరింది. కారు ఆపి, కాల్చిన మక్కకంకులు కొనుక్కుని, అద్దాలెత్తుకుని కూర్చున్నాం. అప్పుడొచ్చింది ఆ ప్రశ్న.

పాకం ముదిరితే, పాకం పలచబడితే

నోటి సంగతికి వచ్చేముందు వంటింట్లోకి వెళ్లాలి.

భూమి లోపల కొన్నిచోట్ల రాయి కరిగి ఉంటుంది. దాన్ని శిలాపాకం అందాం. పుస్తకాల్లో మాగ్మా అని రాస్తారు. అదే పాకం నేల మీదికి వస్తే లావా. చక్కెర పాకానికి ఎన్ని తేడాలో దీనికీ అన్నే. లేతపాకం గిన్నె వంచగానే జారిపోతుంది. ముదురుపాకం గరిటెకే అతుక్కుంటుంది. శిలాపాకం ముదురో లేతో తేల్చేది ముఖ్యంగా దానిలోని సిలికా, అంటే ఇసుకకు, గాజుకు మూలమైన పదార్థం. జూబ్లీహిల్స్ గ్రానైట్‌లో సిలికా నూటికి 70 పాళ్ల దాకా ఉంటుంది. దక్కను లావాలో 50 పాళ్లకు అటూ ఇటూ. మిగతా చోటులో ఇనుము, మెగ్నీషియం ఎక్కువ కాబట్టే ఆ రాయి నలుపు. ఆ నల్లరాయి పేరు బసాల్ట్. బయటికొచ్చేటప్పుడు దాని వేడి 1100 డిగ్రీలకు పైమాటే, జిగురు మాత్రం తక్కువ.

చల్లారే తీరులోనూ తేడా ఉంది. పటికబెల్లం చేసేవాళ్లు పాకాన్ని కదపకుండా రోజుల తరబడి వదిలేస్తారు. అందుకే అంత పెద్ద పలుకులు. అదే పాకాన్ని అచ్చులో పోసి గబగబా ఆరబెడితే సంక్రాంతి చక్కెర చిలకలు, పలుకు కంటికి కనపడదు. గ్రానైట్ భూమి లోతుల్లో దుప్పటి కప్పుకుని లక్షల ఏళ్లు చల్లారిన పటికబెల్లం. మీ వంటింటి గట్టు మీద నలుపు, తెలుపు, గులాబీ రంగు పలుకులు విడివిడిగా కనిపించేది అందుకే. బసాల్ట్ ఆరుబయట గాలి తగిలి గడ్డకట్టిన చక్కెర చిలక. భూతద్దం లేకుండా దానిలో పలుకు చూడటం కష్టం.

వయసులోనూ పోలిక లేదు. దక్కను లావా పుట్టి 6.6 కోట్ల ఏళ్లు. మన గ్రానైట్‌ను షష్టిపూర్తి చేసుకున్న పెద్దాయన అనుకుంటే ఈ నల్లరాయి ఆయన ఒళ్లో కూర్చున్న ఏడాదిన్నర మనవరాలు.

ఆ వయసు ఎలా తెలిసింది? రాతిలో ఉండే పొటాషియంలో కొద్ది భాగం చాలా నెమ్మదిగా, ఎన్నడూ మారని వేగంతో ఆర్గాన్ అనే వాయువుగా మారుతూ ఉంటుంది. రాయి కరిగి ఉన్నంతసేపూ ఆ వాయువు మూత తీసిన కుక్కర్‌లోంచి ఆవిరిలా పోతుంది. గడ్డకట్టిన క్షణాన మూత పడుతుంది. అప్పటినుంచి పుట్టిన ఆర్గాన్ అంతా లోపలే. ఇన్ని కోట్ల ఏళ్ల తర్వాత రాయిని వేడిచేసి ఎంత ఆవిరి పోగయిందో కొలిస్తే మూత ఎప్పుడు పడిందో లెక్క తేలుతుంది.

నోరు కాదు, నెర్రె

ముదురుపాకం రంధ్రం దగ్గరే పేరుకుంటుంది. పాకం పలచనైనా, తుంపర్లు, బూడిద చుట్టూ పడి గుట్టకట్టినప్పుడూ కొండ లేస్తుంది. మా ఆయన కంప్యూటర్‌లో కట్టింది ఆ జాతి. కానీ పాకం లేతగా ఉండి, నేల ఒక రంధ్రంగా కాక పొడవాటి నెర్రెగా చీలితే? అప్పుడు కొండ కట్టడానికి ఏమీ మిగలదు. అట్ల పిండి పెనం మీద పోసినట్టు ఎటు పల్లముంటే అటు పరుచుకుంటుంది.

కట్టుకథ కాదు, మనుషులు కళ్లారా చూసినదే. 1783 జూన్‌లో ఐస్‌లాండ్‌లోని లాకి దగ్గర నేల 27 కిలోమీటర్ల పొడవున చీలింది. ఎనిమిది నెలలపాటు దాదాపు 15 ఘన కిలోమీటర్ల లావా పారింది. లావా తగిలి పోయినవాళ్ల కంటే తర్వాత పోయినవాళ్లే ఎక్కువ. విషవాయువులకు పచ్చిక చెడి, పశువులు చచ్చి, కరువు వచ్చి దేశ జనాభాలో అయిదో వంతు రాలిపోయింది.

అలాంటి లాకీలు కొన్ని పదుల వేలు ఒక వరసలో వచ్చాయని ఊహించుకోండి. అదీ దక్కను కథ. ఒకేసారి కాదు. ఒక పొర పారేది, ఆగేది, చల్లారేది. కొన్నిసార్లు పచ్చిక మొలిచేంత, చెరువు నిండేంత, చేపలు ఈదేంత వ్యవధి. మళ్లీ నేల చీలేది. ముఖ్యమైన భాగమంతా పది లక్షల ఏళ్ల లోపే ముగిసిందంటున్నారు, భూమి లెక్కలో అది ఒక పూట. ఇంత అరిగిపోయాక ఇప్పటికీ మిగిలింది దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్లు. రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినా 2.75 లక్షలే. మహారాష్ట్రలో చాలాభాగం, గుజరాత్, మధ్యప్రదేశ్, కర్ణాటకల్లో కొంత, మనవైపు ఆదిలాబాద్ నుంచి జహీరాబాద్, వికారాబాద్ దాకా ఒక అంచు.

పొర మీద పొర పడి, పక్కలు అరిగిపోగా పడమటి కనుమల్లో ఆ కొండలు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. స్వీడన్ భాషలో మెట్టును ట్రప్పా అంటారట. అందులోంచే దక్కన్ ట్రాప్స్ అన్న పేరు వచ్చింది. ట్రాప్ అంటే ఉచ్చు అనుకుని "దక్కను ఉచ్చులు" అని అనువదించిన పాఠం ఒకటి నేను చదివాను. అది వేసిన పుస్తకం పేరు చెప్పను.

ఇప్పుడు మా ఆయన ప్రశ్నకు వద్దాం. లావా పైకొచ్చిన నెర్రెలు ఎక్కువగా పడమటే ఉన్నాయి. నర్మదా, తాపీ లోయల వెంబడి ఒక వరస, నాసిక్, పుణె ప్రాంతంలో మరొకటి, కొంకణ తీరాన ఇంకొకటి. చివరి విడత లావా ఆ నెర్రెల్లోనే గడ్డకట్టింది. చుట్టూ ఉన్న మెత్తటి రాయి అరిగిపోగా ధూళే, నందుర్బార్ వైపు అవి ఇవాళ నల్లటి కోటగోడల్లా మైళ్ల పొడవున నిలబడి ఉన్నాయి. నోరు మూతపడి గోడగా మారిందన్నమాట. వికారాబాద్‌లో ఎంత వెతికినా దొరకదు. ఇక్కడికి వచ్చింది పొరుగూరి పెనం మీద పోసిన పిండి. అట్టు మధ్యలో మందం, అంచున పలచన. పడమట దాని మందం రెండు కిలోమీటర్లకు మించుతుంది, మహారాష్ట్రలోనే ఎత్తైన శిఖరం కల్సూబాయి, 1646 మీటర్లు, పూర్తిగా అదే రాయి. మన అంచు దానిముందు ఉల్లిపొరే.

"అంత దూరం పారేలోపు చల్లారిపోదా?" అన్నారాయన. మంచి ప్రశ్న. పాలు కాచి దించితే మీద మీగడ కడుతుంది. మీగడ తీసి చూడండి, అరగంట తర్వాత కూడా కింద పాలు చెయ్యి కాలుస్తాయి. లావా పైపొర గాలికి గట్టిపడి అలాంటి మూత అవుతుంది. దానికింద పాకం వేడి చెక్కుచెదరకుండా ముందుకు తోసుకుపోతూ, ఆ మూతను పైకెత్తుతూ, అంచున చిట్లి కొత్త నాలుక చాపుతుంది. ఇల్లు తగలబెట్టే వరదలా కాక, దుప్పటి కింద పాకే పిల్లిలా పోతుంది. సినిమాలో హీరో పరిగెత్తి తప్పించుకునే లావా ఇది కాదు. చాలాచోట్ల నడిచి తప్పించుకోవచ్చు. తప్పించుకుని ఎటు పోవాలన్నదే చిక్కు.

రాయిలో కొబ్బరి ముక్కలు

వాన కాస్త తెరిపిచ్చాక ఘాటు రోడ్డు మొదట్లో కొండ కోసిన చోట దిగాం. కింది భాగంలో నల్లరాయి గుండ్రంగా, పొరలు పొరలుగా ఊడుతోంది. ఉల్లిపాయ ఒలిచినట్టు పై పొరలు మెత్తబడి గోధుమరంగుకు తిరిగాయి, లోపలి గడ్డ మాత్రం ఇనుములా మోగుతుంది. నీరు పగుళ్లలో దిగి మూలలను ముందు తినేస్తుంది కాబట్టి పలకరాయి కూడా చివరికి బంతి అవుతుంది. ఆ రాలిన పొట్టే రేగడికి పుట్టిల్లు.

మా ఆయన ఒక చిన్న పెళ్ల తీసి నాకు చూపించారు. నల్లటి రాయిలో శనగగింజంత తెల్లటి మచ్చలు. "కొబ్బరి ముక్కలు వేసిన హల్వాలా ఉందే!"

ఆ మచ్చల కథ ఇది. శిలాపాకంలో ఆవిరి, రకరకాల వాయువులు కరిగి ఉంటాయి. నేల మీదికి రాగానే ఒత్తిడి తగ్గి, సోడా మూత తీసినట్టు బుడగలు లేస్తాయి. అట్టు మీద కళ్లు పడ్డట్టే లావా పైపొరలో కళ్లు పడతాయి. తర్వాత లక్షల ఏళ్లలో ఆ కళ్లలోకి నీరు దిగి, తనతో తెచ్చిన ఖనిజాలను పేర్చి నింపేస్తుంది. ఆ తెల్లవి జియోలైట్లు, కొన్నిచోట్ల స్ఫటికం. మహారాష్ట్ర క్వారీల్లో దొరికే పెద్ద జియోలైట్ స్ఫటికాలు ప్రపంచ మ్యూజియాలన్నిటా ఉన్నాయి. మా ఆయన రాయిని జేబులో వేసుకున్నారు.

కొంచెం పైకి నడిస్తే రంగు ఒక్కసారిగా మారిపోయింది. ఎర్రటి, చిల్లులు పడిన, తుప్పు పట్టిన ఇనపముక్కలాంటి రాయి. నల్లరాయి నెత్తిన ఎర్రరాయి ఎక్కడిది? ఇది వేరే రాయి కాదు. వేడి, వాన రెండూ ఎక్కువున్న కాలంలో నీరు ఈ బసాల్ట్‌ను యుగాలపాటు నానబెట్టి ఉతికింది. సిలికా, సున్నం, సోడియం కొట్టుకుపోయాయి, నీటికి లొంగని ఇనుము, అల్యూమినియం మిగిలి తుప్పు పట్టాయి. నానబెట్టిన చింతపండు పిసికి రసమంతా తీశాక చేతిలో మిగిలే పిప్పి లాంటిది. ఈ రాయికి లేటరైట్ అన్న పేరు 1807లో ఫ్రాన్సిస్ బుకానన్ పెట్టాడు, కేరళలో ఆ రాయిని ఇటుకల్లా కోసి ఇళ్లు కట్టడం చూసి. లాటిన్‌లో లేటర్ అంటే ఇటుక. మనకు దగ్గర్లో బీదరు పట్నం మొత్తం ఇదే పీఠం మీద ఉంది, కోట రాళ్లూ ఇవే.

ఈ ఎర్ర టోపీ వల్లే అనంతగిరి అనంతగిరి అయింది. గట్టి టోపీ కింద రాయిని కాపాడుతుంది, అందుకే కొండ కొసదేరకుండా బల్లపరుపుగా ఉంటుంది. టోపీ చిల్లులమయం కాబట్టి వాన నీరు స్పాంజిలోకి దిగినట్టు దిగి, కింద గట్టి నల్లరాయి తగలగానే పక్కలకు ఊటలై వస్తుంది. మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. 1908 సెప్టెంబరులో హైదరాబాదును ముంచి వేలమందిని పొట్టనపెట్టుకున్న వరదకు, ఆ తర్వాత 1920లో కట్టిన గండిపేట చెరువుకు మొదలు ఇక్కడే ఉంది. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాదు వదలడని పాత నగరవాసులు మురిసిపోతారు. అంటే వాళ్లు తాగింది లావా కొండ వడకట్టిన నీరు.

మిల్లీమీటరు పన్ను

పొరకూ పొరకూ మధ్య చెరువులు నిండేవని చెప్పాను గదా. ఆ చెరువుల అడుగు బురద కూడా రాయిగా మారి లావా పొరల నడుమ దాగి ఉంది. సాండ్‌విచ్‌లో జున్ను ముక్కలా. ఈ వికారాబాద్ జిల్లాలోనే నస్కల్ అనే ఊరి దగ్గర అలాంటి పొర ఉంది. శాస్త్రవేత్తలు అశోక్ సాహ్ని, జి.వి.ఆర్. ప్రసాద్ అక్కడి మట్టిరాయిని నానబెట్టి, జల్లెడ పట్టి, మిగిలిన నలుసులను సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటిగా ఏరారు. బియ్యంలో రాళ్లు ఏరేవాళ్లకు ఆ ఓపిక ఎంతటిదో అర్థమవుతుంది. మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల దంతాలు దొరికాయి. చుంచెలుకంత జీవి, పురుగులు తిని బతికేది. 1988లో నేచర్ పత్రికలో దాన్ని డెక్కనోలెస్టెస్ అన్న పేరుతో ప్రకటించారు. క్రెటేషియస్, అంటే డైనోసార్ల చివరి యుగం నాటి క్షీరదం మన దేశంలో దొరకడం అదే మొదలు.

పిల్లలు ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ అనే డైనోసార్ ఈ లావాలో కాలిపోయిందనుకుంటారు. దాని కాలం వేరు, ఈ లావాకు దాదాపు పది కోట్ల ఏళ్ల ముందు.

డైనోసార్లను చంపింది ఎవరన్న తగువు మాత్రం ఇంకా తెగలేదు. మెక్సికోలోని చిక్షులూబ్ దగ్గర పడిన గ్రహశకలం 180 కిలోమీటర్ల వెడల్పు గుంట చేసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే దక్కను కూడా మండుతోంది, గంధకపు వాయువులు, బొగ్గుపులుసు వాయువు ఆకాశంలోకి పోస్తోంది. ఎక్కువమంది శాస్త్రవేత్తలు నేరం శకలం మీదే మోపుతారు, దక్కనును సహనిందితుడిగా నిలబెట్టేవాళ్లూ గట్టివాళ్లే. నా మటుకు నాకు నస్కల్ పన్ను మీదే మక్కువ. దూరాన నేల మండుతుండగా, రెండు పొరల సందున చెరువు గట్టు మీద పురుగులు ఏరుకుతిన్న ఆ చుంచును తల్చుకుంటే, పెద్దవాళ్ల తగువు కాస్త పక్కకు పోతుంది.

రాజమండ్రి దాకా, మారిషస్ దాకా

రాజమహేంద్రవరం పక్కన కాతేరు, గోదావరికి అవతల పంగిడి, దుద్దుకూరు క్వారీల్లో నల్లరాయి ఉంది. చుట్టుపక్కల ఎక్కడా లేని రాయి సముద్రం దగ్గర ఒంటరిగా ఎందుకుందని చాలాకాలం తలలు పట్టుకున్నారు. దాని రసాయన కూర్పు, అది గడ్డకట్టేటప్పుడు లోపల నమోదైన అయస్కాంత దిశ, రెండూ పడమటి కనుమల్లో మహాబలేశ్వరం వైపు పొరలతో సరిపోయాయి. 2008లో శాస్త్రవేత్త స్టీఫెన్ సెల్ఫ్, ఆయన సహచరులు తేల్చిందేమిటంటే, ఆ లావా పాత నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్ల దాకా పారి బంగాళాఖాతం ఒడ్డుకు చేరింది. ఇప్పటికి తెలిసినంతలో భూమి మీద అంత పొడవైన లావా ప్రవాహం మరొకటి లేదు. నాసిక్‌లో పుట్టి రాజమండ్రి దగ్గర సముద్రం వైపు దిగే గోదావరి గుర్తొస్తుంది గానీ, ఆ నదులు నేటి గోదావరి కావు. నేల వాలు మాత్రం అప్పుడూ తూర్పుకే. పంగిడి వైపు రెండు లావా పొరల మధ్య సున్నపురాయిలో సముద్రపు గవ్వలు ఉన్నాయి. లావా వచ్చి ఆగింది తీరంలోనే అనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇంత పాకాన్ని కాచిన పొయ్యి ఏది? అది భారతదేశం కింద ఇప్పుడు లేదు. భూమి లోతుల్లో కొన్నిచోట్ల వేడి స్తంభాలు పైకి లేస్తుంటాయి. వాటిని తాపబిందువులు, హాట్‌స్పాట్లు అంటారు. పొయ్యి దాదాపు ఒకే చోట ఉంటుంది, పైన పెనమే జరుగుతుంది. ఆ కాలంలో మన భూఖండం భూమధ్యరేఖకు దక్షిణాన ఉండి ఉత్తరానికి పరుగులు తీస్తోంది. ఇప్పుడు ఏడాదికి అయిదు సెంటీమీటర్లు, సుమారు మన గోళ్లు పెరిగేంత. అప్పుడు 15 సెంటీమీటర్లకు పైనే, జుట్టు పెరిగేంత. ఆ రాయిలో గడ్డకట్టిన అయస్కాంత దిక్కే ఇందుకు సాక్షి. ఖండాలు కదులుతాయన్న మాటను ప్రపంచం ఇంకా శంకిస్తున్న 1950లలోనే దక్కను రాళ్లు ఆ సాక్ష్యం చెప్పాయి.

పెనం జరిగిపోయింది, పొయ్యి వెనకే ఉండిపోయింది. దాని మీదుగా సముద్రపు అడుగు జరుగుతుంటే ఒక్కో మచ్చ పడుతూ వచ్చింది: లక్షదీవుల కింది గట్టు, మాల్దీవులు, మారిషస్. ఇవాళ అది రీయూనియన్ దీవి కింద మండుతోంది, అక్కడి పితోన్ ద లా ఫుర్నేజ్ ప్రపంచంలో తరచుగా పేలే అగ్నిపర్వతాల్లో ఒకటి.

పంతొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల పనికి కోరంగి రేవు నుంచి ఓడలెక్కి మారిషస్ చేరిన తెలుగువాళ్ల సంతతి ఇప్పటికీ అక్కడ ఉంది. రేవు పేరే వాళ్లకు పేరై కోరింగీలయ్యారు. ఆ దీవి చేలల్లో కూలీలు ఏరి పోగేసిన నల్లరాళ్ల గుట్టలు నేటికీ కనిపిస్తాయి. గోదావరి సీమ నుంచి వెళ్లినవాడికి ఆ రాయి కొత్తగా తోచి ఉంటుందా? పంగిడి రాయి, ఆ రాయి ఒకే పొయ్యి మీద వేర్వేరు పూటల వండినవే.

తాండూరులో

రాత్రికి వికారాబాద్‌లో తెలిసినవాళ్లింట్లో ఆగి, పొద్దున వాగు తగ్గాక బయల్దేరి భోజనాల వేళకు తాండూరు చేరాం. ఊరు దగ్గరపడుతుంటే నల్లరాయి అంచు అయిపోయి, దానికింద ఇన్నాళ్లూ దాగిన పొర బయటపడుతుంది. పలకలు పలకలుగా లేచొచ్చే బూడిదరంగు సున్నపురాయి. లావాకు చాలా ముందు, భూమ్మీద డైనోసార్లే పుట్టని కాలంలో ఇక్కడున్న సముద్రపు అడుగు అది. తాండూరు నాపరాళ్లని, షాబాద్ బండలని తెలుగువాళ్ల ఇళ్లన్నిటా పరిచింది దాన్నే.

మా ఆడపడుచు కొత్తింట్లోనూ అవే బండలు, మెరుగు పెట్టి నీలంగా ఉన్నాయి. నేను వంగి వాటి అంచు చూస్తుంటే తను గుమ్మంలోంచి అరిచింది: "వదినా, రాళ్లు తర్వాత చూడొచ్చు, ముందు కాళ్లు కడుక్కుని రా. ఆకులేశారు."

మా ఆయన జేబులోంచి కొబ్బరి రాయి తీసి కొత్త షోకేసులో పెట్టారు. గడప బయట విడిచిన నా చెప్పులకు పట్టిన రేగడి ఎండకు నెర్రెలిచ్చి పెళ్లలుగా రాలింది. ఆడపడుచు చీపురు తెచ్చి ఊడ్చేసింది.